అక్వేరియం అడుగున ఎర్ర చెలక మన్ను: మట్టి పరిచి నీటి మొక్కలు పెంచే పద్ధతి

నాటు వేసి నెల దాటిన వరి మడిలోకి దిగి బురదను కొంచెం కదిపితే బుడగలు పైకి వస్తాయి. పైపొర గోధుమ రంగులో ఉంటుంది కానీ, వేలెడు లోతుకు వెళ్లేసరికి మన్ను బూడిద రంగుకో నలుపుకో తిరిగి ఉంటుంది. అక్వేరియం అడుగున మట్టి పరిచి, దానిమీద ఇసుక కప్పి, నీటి మొక్కలు పెంచడమంటే అటువంటి మడిని గాజు తొట్టిలోకి తెచ్చుకోవడమే. అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1990ల చివర్లో ఈ పద్ధతిని శాస్త్రీయంగా వివరించి ప్రచారంలోకి తెచ్చారు కనుక ప్రపంచమంతా దీనిని ఆమె పేరుతోనే పిలుస్తారు. అయితే నీట మునిగిన మన్ను ఎలా ప్రవర్తిస్తుందో వరి పండించే ఇంట్లో పుట్టినవారికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేదు. విదేశాల నుంచి వచ్చే ఖరీదైన గుళికల మట్టి గానీ, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు గానీ లేకుండా, మన చెలకల్లో దొరికే ఎర్రమన్నుతో హనుమకొండలోనో, కాజీపేటలోనో, కరీంనగర్‌లోనో ఒక రెండడుగుల తొట్టిని ఏళ్ల తరబడి నిలబెట్టుకునే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

లెక్క కోసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న తొట్టిని తీసుకుందాం. మట్టి రెండున్నర సెంటీమీటర్లు, ఇసుక మూడు సెంటీమీటర్ల మందాన పరిస్తే, మట్టి నాలుగున్నర లీటర్లు, ఇసుక ఐదున్నర లీటర్లకు కొంచెం తక్కువగా పడుతుంది. పైన నాలుగు సెంటీమీటర్లు ఖాళీ వదిలితే నీళ్లు దాదాపు 48 లీటర్లు పడతాయి. అన్నీ కలిపి బరువు 80 కిలోల వరకు వస్తుంది కాబట్టి బల్ల ముందుగానే గట్టిదై ఉండాలి, ఎందుకంటే మట్టి పరిచిన తొట్టిని తరువాత జరపడం కుదరదు.

మన్ను ఎంపిక

ఈ పనిలో సగం మన్ను ఎంపికలోనే ఉన్నది. ఉత్తర తెలంగాణలో మనకు ప్రధానంగా రెండు రకాల నేలలు కనిపిస్తాయి. గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడిన ఎర్ర చెలక ఒకటి, నల్ల రేగడి మరొకటి. రేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. పోషకాలను పట్టి ఉంచే శక్తి చెలక మన్నుకంటే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ మాట విని రేగడిని తొట్టిలో పోసినవారు రెండు ఇబ్బందులు పడతారు. తడిస్తే అది ఉబ్బి, అతి సన్నని రేణువులుగా విడిపోయి, ఏ కొంచెం కదిలినా నీళ్లను రోజుల తరబడి మసకబారుస్తుంది. పైగా దానిలో కలిసి ఉండే సున్నపు గడ్డలు నెమ్మదిగా కరుగుతూ అసలే కఠినంగా ఉండే మన నీళ్లను ఇంకా కఠినం చేస్తాయి.

చెలక మన్నులో సేంద్రియ పదార్థం తక్కువ. పంటకు అది లోపమే కానీ తొట్టికి సుగుణం, ఎందుకంటే తొట్లు పాడయ్యేది ఎక్కువగా పచ్చి సేంద్రియ పదార్థం వల్లనే. నా మొదటి తొట్టికి ఒక నర్సరీలో పూల కుండీలకు కలిపి ఉంచిన మట్టి సంచి తెచ్చాను. అందులో సగం పశువుల పెంట, కొబ్బరి పొట్టు. మూడో రోజుకు నీళ్లు టీ రంగుకు తిరిగాయి. తొందరపడి వదిలిన చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. వారం తిరగకుండా తొట్టి మొత్తం ఎత్తి పోయవలసి వచ్చింది. తప్పు నర్సరీది కాదు, ఆ మట్టి కలిపింది బంతిపూలకు.

మన్ను ఎక్కడి నుంచి తెచ్చారన్నది మన్ను రకం కంటే ముఖ్యం. పత్తి చేలోంచి, మిరప తోటలోంచి తేవద్దు. ఆ రెండు పంటలకు మన జిల్లాల్లో ఎంత పురుగుమందు కొడతారో వేరే చెప్పనక్కర లేదు. వరి మడి మన్ను చూడటానికి సరిపోయేదిగానే ఉంటుంది గానీ, కాండం తొలిచే పురుగుకు చల్లే గుళికల మందులలో చేపలకు విషమైనవి ఉన్నాయి. చెరువుల పూడిక మట్టికి మిషన్ కాకతీయ కాలం నుంచి మంచి పేరు ఉన్నది, పొలానికి అది బలమే. కానీ ఊరి మురుగు కలిసే చెరువు మట్టిలో ఏమేమి పేరుకున్నదో తెలియదు కనుక నేను దానిని ముట్టుకోను. అన్నిటికంటే నమ్మదగినది ఎన్నో ఏళ్లుగా దున్నని, మందు పడని చోటి మన్ను: పాత ఇంటి పెరడు, గట్టు మీది వేపచెట్టు కింద, గుట్ట వాలు. పైన ఉన్న ఆకులు, గడ్డి తీసివేసి జానెడు లోతు వరకు తవ్వుకుంటే చాలు. పుట్టమన్ను బంకగా, సన్నగా ఉండి ఆశ పెడుతుంది కానీ, పుట్టలో చెయ్యి పెట్టడం గురించి నేను ప్రత్యేకంగా హెచ్చరించనవసరం లేదనుకుంటాను.

నాలుగున్నర లీటర్లు కావాలంటే ఏడెనిమిది లీటర్లు తవ్వి తెచ్చుకోవాలి. రాళ్లు, వేళ్లు, మొరం పోయి అంతే మిగులుతుంది.

రెండు చిన్న పరీక్షలు

వెడల్పు మూతి సీసాలో మూడో వంతు మన్ను పోసి, మిగిలిన భాగం నీళ్లు నింపి, గట్టిగా ఊపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో దిగుతుంది, బంకమన్ను దిగడానికి ఒక రోజు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొత్తం మందంలో పై బంక పొర పదో వంతు నుంచి ఐదో వంతు వరకు ఉంటే ఆ మన్ను మన పనికి తగినది. బంక దాదాపు లేకుండా అంతా ఇసుకే అయితే అది ఉత్త దుబ్బ, పోషకాలను పట్టుకోలేదు. అప్పుడు కుమ్మరి వాడే మన్ను పదో వంతు కలపాలి. పైన తేలినదంతా పచ్చి చెత్త కనుక అదెంత ఉన్నదో చూస్తే జల్లెడ పని ఎంత మిగిలి ఉన్నదో అర్థమవుతుంది.

రెండో పరీక్ష సున్నానికి. చెంచాడు మన్నును ముందు నీళ్లతో తడిపి, దానిమీద వెనిగర్ పోయాలి. పొడి మన్ను మీద పోస్తే లోపలి గాలి బుడగలుగా వచ్చి మోసం చేస్తుంది. తడిపిన మన్ను కూడా నురగ కడితే అందులో సున్నం ఉన్నట్టు, దానిని పక్కన పెట్టడం మేలు. చెలక మన్ను కొంచెం పులుపు గుణం చూపినా దిగులు అక్కరలేదు. నీట మునిగిన కొన్ని వారాలకు పులుపు నేల పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత, 7 అంటే తటస్థం) పెరుగుతుంది, క్షార నేలది తగ్గుతుంది, రెండూ తటస్థానికి దగ్గరగా వచ్చి నిలుస్తాయి. వరి నేలల మీద జరిగిన పరిశోధనల్లో స్పష్టంగా తేలిన విషయాల్లో ఇది ఒకటి.

నానబెట్టడం, ఎండబెట్టడం

చాలామంది విడిచిపెట్టే మెట్టు ఇదే, కనుక కొంచెం నిదానంగా చెబుతాను. మన్నులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు కుళ్లబెట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. మన్నుకు గాలి తగిలితే వేరే బాక్టీరియా దానిని నైట్రేటుగా మారుస్తుంది. గాలి తగలని బురదలో ఆ మార్పు ఆగిపోయి అమ్మోనియా అమ్మోనియాగానే పేరుకుంటుంది. తవ్విన మన్నును నేరుగా తొట్టిలో ముంచితే నీళ్లలోకి ఊరేది అదే. అందువల్ల కుళ్లవలసినది తొట్టి బయటే, గాలిలోనే కుళ్లిపోయేటట్టు చేసి, పుట్టిన నైట్రేటును నీళ్లతో కడిగివేయడం ఈ మెట్టు ఉద్దేశం.

రెండు మూడు మిల్లీమీటర్ల కన్నుల జల్లెడతో పట్టిన మన్ను ఎనిమిది పాళ్లు, కుమ్మరి మన్ను ఒక పాలు, బాగా మాగిన వానపాముల ఎరువు ఒక పాలు కలపండి. సీసా పరీక్షలో బంక సరిపోయిన మన్నుకు కుమ్మరి మన్ను మానేయవచ్చు. ఎరువు మాత్రం ఆ పాలు దాటకూడదు. అది వేసేది ఆహారంగా కంటే, నెమ్మదిగా కుళ్లుతూ మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ ఇవ్వడానికి. యూరియా, డీఏపీ వంటివి చిటికెడైనా కలపవద్దు.

ఈ మిశ్రమాన్ని టబ్బులో పోసి, నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పెట్టి, కలిపి, ఒక రోజంతా నానబెట్టాలి. పైకి తేలిన చెత్తను తీసివేసి, నీళ్లను మెల్లగా వంపి, బురదను ప్లాస్టిక్ పట్టా మీద వేలు మందాన పరచి ఎండబెట్టాలి. పూర్తిగా బూడిదలా ఎండనివ్వకుండా పైన బీటలు వారేవరకు ఉంచి, పిడికిలితో నలిపి, మళ్లీ నానబెట్టాలి. ఇలా నాలుగుసార్లు చేయాలి. చలి దేశాలలో దీనికి నెలకు పైగా పడుతుంది. మే నెలలో 42 డిగ్రీలు దాటే మన ఎండకు డాబా మీద ఒక్కో విడతకు రెండు మూడు రోజులు చాలు. మన ఎండలు ఉపకారం చేసే అరుదైన పనులలో ఇది ఒకటి. నాలుగో విడతకు మన్ను వాసన మారుతుంది, పెంట వాసనో పులిసిన వాసనో పోయి తొలకరి నేల వాసన మిగులుతుంది. ఆ వాసన రాకపోతే ఐదోసారి కూడా నానబెట్టండి.

ఇసుక

మానేరు, గోదావరి ఇసుక ఇళ్లు కట్టే చోట దొరుకుతుంది. సన్న ఇసుక వద్దు. అది గట్టిపడి మన్నుకు ఊపిరి ఆడనివ్వదు. మరీ పెద్ద గులకరాళ్లయితే వాటి సందుల్లోంచి మన్ను పైకి లేస్తుంది, చేపల మలం కిందికి దిగుతుంది. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల దొడ్డు ఇసుక సరైనది. పిండి జల్లెడలో పట్టి సన్నది పోగొట్టి, మిగిలినదాన్ని నీళ్లు తేటపడేవరకు, బహుశా పదిసార్లు, కడగాలి. ఇసుక మీద కూడా వెనిగర్ చుక్క వేసి చూడండి. గుల్ల ముక్కలు ఉంటే నురగ చెబుతుంది.

పరచడం

మన్నును పొడిగా కాకుండా, చేత్తో ఉండ కట్టే తడితో పరచాలి. పొడి మన్నులో గాలి చిక్కుకొని, నీళ్లు పోసినప్పుడు ఇసుకను ఛేదించుకొని పైకి వస్తుంది. ముందు గాజుకు, పక్క గాజులకు రెండు మూడు సెంటీమీటర్లు వదిలి మధ్యలో మాత్రమే మన్ను వేసి, ఆ అంచులను ఇసుకతో నింపితే చూడటానికి బాగుంటుంది, వెలుతురు తగిలి గాజు వెంట మన్నులో నాచు పెరగడమూ తప్పుతుంది. మన్ను ఎక్కడా మూడు సెంటీమీటర్లు మించవద్దు. ఎక్కువ వేస్తే ఎక్కువ బలం అన్న లెక్క ఇక్కడ పనిచేయదు, లోతు పెరిగేకొద్దీ వేళ్లు చేరని కుళ్లే మిగులుతుంది. బరువైన రాళ్లు పెట్టదలచుకుంటే వాటిని ముందే అడుగు గాజు మీద, కింద థర్మోకోల్ ముక్క వేసి నిలిపి, చుట్టూ మన్ను పోయండి.

ఇసుక కప్పిన తరువాత కొంచెమే నీళ్లు, నాలుగు వేళ్ల ఎత్తు, పోసి మొక్కలు నాటాలి, మిగతా నీళ్లు ఆ తరువాత. నీళ్లు పోసేటప్పుడు ఇసుక మీద పళ్లెం పెట్టి, దానిమీద పాలిథిన్ కవరు పరచి, చెంబుతో మెల్లగా పోయండి. ఈ ఒక్కచోట పదిహేను నిమిషాలు ఆదా చేసుకుందామని బకెట్ ఎత్తి కుమ్మరించినవారు వారం రోజులు బురద నీళ్లు చూస్తారు.

నీళ్లు

నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి మూత లేని టబ్బులో ఒక రోజు నిలవ ఉంచాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ కాఠిన్యం ఉంటుంది. గీజరులో పేరుకునే తెల్లని పొరే దానికి సాక్ష్యం. అందుకే ఇతర దేశాల సూచనల్లో కనిపించే డోలమైటు, గుడ్డు పెంకులు, గుల్లల పొడి మనకు అవసరం లేదు. అపార్ట్‌మెంట్లలో ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీళ్లను వాడవద్దు. అందులో కాల్షియం పోయి సోడియం చేరి ఉంటుంది, మొక్కలకు అది పనికిరాదు.

మొక్కలు

మొదటి రోజే తొట్టి నిండా నాటాలి. నాలుగు కొమ్మలు గుచ్చి పెరుగుతాయిలే అని ఊరుకుంటే, మన్నులోంచి వచ్చే పోషకాలు నాచు పాలవుతాయి. నేల కనిపించే భాగం మూడో వంతు మించకూడదని నేను పెట్టుకున్న కొలత.

కఠినమైన నీళ్లకు తగినవి వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ చాలనప్పుడు ఈ మూడూ బైకార్బొనేటును వాడుకోగలవు, అది మన బోరు నీళ్లలో సమృద్ధిగా ఉంటుంది. మూడూ మన చెరువుల్లో సహజంగా పెరిగేవే. హైగ్రోఫిలా, బకోపా, అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్‌లు కూడా మట్టిని ఇష్టపడతాయి. క్రిప్టోకొరైన్ నాటిన వారానికి ఆకులన్నీ కరిగినట్టు రాలిపోయినా పీకవద్దు, వేరు బతికే ఉండి కొత్త ఆకు వేస్తుంది. అనుబియాస్, జావా ఫెర్న్‌లను రాయికో కర్రకో కట్టాలి, వాటికి మట్టితో పని లేదు. పైన అంతరతామర గానీ సాల్వీనియా గానీ గుప్పెడు వేయండి. గాలిలోంచి నేరుగా కార్బన్ డయాక్సైడ్ తీసుకునే ఈ తేలే మొక్కలు వేగంగా పెరుగుతూ తొలి నెలలో ఊరే అమ్మోనియాను పీల్చివేస్తాయి. గుర్రపుడెక్క మాత్రం ఈ తొట్టికి మరీ పెద్దది.

చెరువు నుంచి మొక్క తెస్తే జలగలు, తూనీగ పిల్లలు వెంట వస్తాయి. లేత గులాబీ రంగు వచ్చేటంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, కడిగి నాటండి.

వేళ్లు ఇసుకను దాటి మన్నులోకి దిగేటట్టు పట్టకారుతో గుచ్చాలి. మన్ను విషమవకుండా కాపాడేవి ఈ వేళ్లే. నీట మునిగిన మన్నులో ముందు ఆక్సిజన్ అయిపోతుంది, తరువాత నైట్రేటు, ఆ తరువాత మాంగనీసు, ఇనుము, చివరకు సల్ఫేటు వంతు వస్తుంది. సల్ఫేటు నుంచి పుట్టేదే కుళ్లిన గుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్. వరి వేళ్లలాగే నీటి మొక్కల వేళ్లు కూడా ఆకుల నుంచి ఆక్సిజన్‌ను దించి చుట్టూ ఉన్న మన్నులోకి వదులుతాయి, దానితో ఈ వరుస చివరి మెట్టు దాకా పోదు. చెలక మన్నుకు ఎరుపునిచ్చే ఇనుము ఇక్కడే పనికివస్తుంది. గాలి లేని లోపలి పొరలో అది కరిగి వేళ్లకు అందుతుంది, దానితో అంటిపెట్టుకున్న ఫాస్ఫేటు కూడా విడుదలవుతుంది. పై పొరకు వచ్చి ఆక్సిజన్ తగలగానే ఇనుము మళ్లీ తుప్పుగా మారి ఫాస్ఫేటును పట్టేస్తుంది. వేళ్లకు ఆహారం దొరికి, నీళ్లలోని నాచుకు దొరకకపోవడానికి కారణం ఆ పలుచని తుప్పు పొరే. ఊరికే మొక్కలు పీకి మళ్లీ నాటుతూ దానిని చెదరగొట్టవద్దని చెప్పడం అందుకే.

తొలి నెల

మొదటి వారం రోజు విడిచి రోజు సగం నీళ్లు, రెండో, మూడో వారాల్లో వారానికి రెండుసార్లు మూడో వంతు మార్చాలి. అమ్మోనియా పరీక్ష కిట్ కొనడం మన నీళ్లకు తప్పనిసరి. 28 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 దగ్గర అదే ఆరేడు శాతానికి చేరుతుంది. పీహెచ్ తక్కువగా ఉండే మెత్తని నీళ్ల ఊరిలో చేపలు తట్టుకున్న అమ్మోనియా, పీహెచ్ ఎక్కువగా ఉండే మన బోరు నీళ్లలో వాటిని చంపగలదన్నమాట. అమ్మోనియా, అది నైట్రేటుగా మారే దారిలో మధ్యలో పుట్టే నైట్రైట్, రెండూ వరుసగా వారం రోజులు సున్నా చూపేవరకు చేప వేయవద్దు.

నీళ్లు లేత గోధుమ రంగుకు తిరగడం, గాజు మీద గోధుమ రంగు పొర పట్టడం ఈ నెలలో మామూలే. లైటు వరుసగా పది గంటలు వెలిగించే బదులు ఉదయం ఐదు గంటలు, మధ్యలో నాలుగు గంటలు విరామం, మళ్లీ సాయంత్రం నాలుగైదు గంటలు ఇవ్వండి. ఆ విరామంలో మన్ను నుంచి కార్బన్ డయాక్సైడ్ మళ్లీ చేరుకుంటుంది. మనకు కరెంటు పోయే వేళలను కూడా ఆ నాలుగు గంటల్లో జమ కట్టుకోవచ్చు.

రెండో వారం నుంచి ఇసుకలోంచి బుడగలు వస్తాయి. ఎక్కువ భాగం నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్, మీథేన్. రెండు రోజులకొకసారి చీపురు ఈనెతో ఒక మూల మాత్రమే, మొక్క లేని చోట, మెల్లగా గుచ్చండి. గుడ్ల వాసన వస్తే ఆ రోజు నీళ్లు మార్చి, అక్కడ వాలిస్నేరియా నాటండి. తొట్టినంతా ఒక్కరోజే పొడిచి వదిలిపెట్టకూడదు.

చేపలు, నత్తలు

గప్పీలు, జీబ్రా డానియోలు, రాస్‌బోరాలు ఈ తొట్టికి సరిపోతాయి. 48 లీటర్లకు చిన్నవి పది చాలు. నేల తవ్వే గోల్డ్ ఫిష్, సిక్లిడ్‌లు వద్దే వద్దు. ఇసుకలో దూరి తిరిగే సన్నని మొనదేలిన గుల్ల నత్తలు వస్తే సంతోషించండి. అవి రాత్రంతా ఇసుకను కదుపుతూ ఈనె పుల్ల పని తగ్గిస్తాయి.

వేసవి

మార్చి చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా ఈ తొట్టికి అసలు పరీక్ష. నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టి ఉంచుతాయి. 32 డిగ్రీల దగ్గర 7.3కు మించి పట్టవు. అదే వేడికి మన్నులో కుళ్లు వేగం పెరిగి ఆక్సిజన్ ఖర్చు కూడా పెరుగుతుంది. రాత్రి మొక్కలు కూడా ఊపిరి తీసుకుంటాయి కనుక తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తే అది ఆక్సిజన్ లోటు. రాత్రి పూట మాత్రం గాలి మోటారు నడపండి. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే మన పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

అలా తగ్గిన వేడికి బదులుగా రోజుకు లీటరు నీళ్లు ఆవిరి కావచ్చు. ఆ లోటును బోరు నీళ్లతో నింపితే, ఆవిరైనది నీరే కానీ ఉప్పులు కాదు కనుక, నీళ్లు మార్చకుండా 48 రోజులు గడిచేసరికి తొట్టిలో కాఠిన్యం రెట్టింపవుతుంది. ఇంకిన లోటుకు ఆర్‌ఓ నీళ్లు వాడండి. మృగశిర చినుకులకు డాబా ఒకసారి కడిగినట్టయిన తరువాత పట్టిన వాన నీళ్లయినా వాడవచ్చు. వారం వారం మార్చే నీళ్లు మాత్రం మామూలువే ఉండనివ్వండి.

తరువాతి సంవత్సరాలు

మొక్క పెరిగితే కత్తెరతో కోయాలి గానీ పీకకూడదు. తప్పనిసరిగా తీయవలసి వస్తే చుట్టూ వేళ్లను కత్తిరించి మెల్లగా లాగి, లేచిన మన్ను మీద వెంటనే గుప్పెడు ఇసుక వేయండి. సైఫన్ గొట్టాన్ని ఇసుకలో గుచ్చకుండా పైన మాత్రమే తిప్పండి.

ఏడాదిన్నర, రెండేళ్లకు సేంద్రియ పదార్థం తరిగి మొక్కల వేగం తగ్గుతుంది. అప్పుడు తొట్టి విప్పే పని లేదు. కుమ్మరి మన్నులో మూడో వంతు నానబెట్టి ఆరబెట్టిన పాత మిశ్రమం కలిపి, రేగుపండంత ఉండలు చేసి, గట్టిగా ఎండబెట్టి, అమెజాన్ స్వోర్డ్ వంటి ఆకలి ఎక్కువ మొక్కల మొదట్లో ఒక్కొక్కటి లోతుగా గుచ్చండి. నెలకు నాలుగు మించవద్దు. అందుకే మొదటిసారి మన్ను సిద్ధం చేసినప్పుడే రెండు లీటర్లు ఎక్కువ చేసి, ఎండబెట్టి, మూత ఉన్న డబ్బాలో దాచి ఉంచుకోవాలి.